రాళ్లు చెప్పిన సాక్ష్యము: ప్రాచీన ఇశ్రాయేలు శాసనములు



గ్రామములలో పొలము గట్టు తగవు వచ్చినప్పుడు పెద్దలు తీర్పు చెప్పు పద్ధతిని నేను చిన్ననాట మా తాతగారి అరుగుమీద కూర్చుండి చూచినవాడను. వాది చెప్పినది విందురు. ప్రతివాది చెప్పినది విందురు. ఇరువురితోను సంబంధము లేని మూడవవాని నడుగుదురు. తుదకు అందరును లేచి పొలమునకు పోయి సరిహద్దురాయి యెక్కడ నున్నదో చూతురు. వాది మంచివాడు గదా యని రాతిని చూడక మానరు. రాయి యున్నది గదా యని వాది మాటను త్రోసివేయరు. రాత్రివేళ నెవరైన ఆ రాతిని జరిపిరేమో యని దాని మొదటనున్న మన్నును గూడ పరీక్షింతురు. నేడు నేను మనవి చేయబోవు విషయమును విచారించుటకు ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

విషయమేమనగా, ఇశ్రాయేలీయులను ప్రాచీన జాతి యొకటి కలదు. నేటి యూదులు తమ్ము వారి సంతతిగా చెప్పుకొందురు. వారి పవిత్ర గ్రంథములనే క్రైస్తవులు పాత నిబంధన యందురు. ఆ గ్రంథములలో రాజుల కథలు, యుద్ధములు, ప్రవక్తల మందలింపులు, దేవాలయ నిర్మాణములు విపులముగా వర్ణింపబడినవి. చాల శతాబ్దములపాటు ఈ చరిత్రకు ఆ గ్రంథములే ముఖ్య సాక్ష్యము. అనగా వాది మాట యొక్కటియే మనకు వినవచ్చుచుండెను. గడచిన రెండువందల యేండ్లలో భూమి త్రవ్వగా ప్రతివాదులును, మూడవవారును, సరిహద్దురాళ్లును బయటపడినవి. అవి యేమి చెప్పినవో, ఎంతవరకు నమ్మదగినవో క్రమముగా చెప్పెదను. మతవిశ్వాసము ఎవరిది వారిది. దాని జోలికి నేను పోను.

మొదట ఆ దేశము సంగతి తెలిసికొనవలెను. అది మధ్యధరా సముద్రమునకు తూర్పు ఒడ్డున నున్న చిన్న కొండసీమ. దక్షిణమున ఐగుప్తు, ఈశాన్యమున అష్షూరు, తరువాత బబులోను అను మహారాజ్యములు. ఆ పెద్దల సేనలు ఒకరిపై నొకరు నడచుటకు దారి ఈ చిన్న దేశమే. అందు రెండు రాజ్యములుండెను. ఉత్తరమున ఇశ్రాయేలు, దాని రాజధాని షోమ్రోను. దక్షిణమున యూదా, దాని రాజధాని యెరూషలేము. క్రీ. పూ. 722 ప్రాంతమున అష్షూరువారు ఉత్తర రాజ్యమును నిర్మూలించిరి. క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోనువారు యెరూషలేమును కాల్చివేసిరి. వారి లిపిలో 22 అక్షరములు కలవు. అన్నియు హల్లులే, అచ్చులను చదువరి పూరించుకొనవలెను. కుడినుండి యెడమకు వ్రాయుదురు.

ఇశ్రాయేలు అను పేరు మనకు దొరికిన వ్రాతలలో మొట్టమొదట స్పష్టముగా కనబడునది వారి దేశమున కాదు, ఐగుప్తు దేశమున. 1896వ సంవత్సరమున ఫ్లిండర్స్ పెట్రీ అను ఆంగ్లేయ పండితుడు నైలునదీతీరమున, థీబ్సు నగర శిథిలములలో, పది యడుగులకు పైగా ఎత్తున్న నల్లరాతి పలక నొకదానిని కనుగొనెను. అది మెర్నెప్తా అను ఐగుప్తు రాజు విజయశాసనము. కాలము క్రీ. పూ. 1208 ప్రాంతము. తాను జయించినవారి పట్టికలో ఆ రాజు ఇశ్రాయేలును గూడ చేర్చి, అది పాడైపోయినదనియు, దాని బీజము మిగులలేదనియు చెక్కించెను. ఐగుప్తు లిపిలో పేరు ప్రక్కన అది ఊరో, దేశమో, జనమో తెలుపు గుర్తు నుంచుదురు. ఆ వరుసలోని యితర నామములకు దేశపు గుర్తు కలదు. ఇశ్రాయేలునకు మాత్రము ఒక పురుషుడు, ఒక స్త్రీ, బహువచనమును తెలుపు గీతలు. అనగా నాటికి వారొక జనసమూహమే కాని స్థిరమైన రాజ్యము గల వారు కారని పండితులు ఊహించుచున్నారు.

ఇందొక విచిత్రము కలదు. ఒక జాతిని గూర్చి మనకు దొరికిన మొదటి వ్రాత, ఆ జాతి నశించినదని చాటించిన వ్రాత. ఆ రాజు వంశమును, సింహాసనమును ఎప్పుడో పోయెను. బీజము లేదనిన జాతి పేరు నేటికిని నిలిచియున్నది. రాజుల ప్రగల్భములను ఎట్లు చదువవలెనో ఈ రాయి మనకు మొదటనే నేర్పుచున్నది. వారు యుద్ధము చేసిరనుట నమ్మవచ్చును. శత్రువును సమూలముగా తుడిచివేసితిమనుట నమ్మరాదు.

రెండవది మోయాబు రాయి. మృతసముద్రమునకు తూర్పున మోయాబు దేశము కలదు. 1868లో క్లైను అను మతబోధకుడు ఆ ప్రాంతమున సంచరించుచు దీబోను పాడుదిబ్బయొద్ద, నాలుగడుగులకు కొంచెము తక్కువ ఎత్తున్న నల్లరాతిని చూచెను. దానిపై 34 పంక్తుల వ్రాత యుండెను. ఈ వార్త పొక్కగానే ఐరోపా రాజ్యముల ప్రతినిధులు ఆ రాతికొరకు పోటీపడిరి. ఆ కాలమున దేశము తురుష్క ప్రభుత్వముక్రింద నుండెను. యెరూషలేములోని ఫ్రెంచి రాయబార కార్యాలయమున పనిచేయుచున్న క్లెర్మొన్-గన్నో అను యువకుడు ముందుచూపుతో మనుష్యులను పంపి, తడి కాగితమును రాతిపై నదిమి అచ్చు తీయించెను. మన దేశమున శాసనశాఖవారు నేటికిని అనుసరించు పద్ధతి ఇదియే. కాగితము ఆరకముందే అక్కడ కొట్లాట పుట్టెను. వచ్చినవారు తడికాగితమును ముక్కలుముక్కలుగా పెరికికొని, గుఱ్ఱములెక్కి పారిపోయిరి.

తరువాత జరిగినది విచారకరము. తురుష్క అధికారులు రాతిని తమ కప్పగింపుమని ఒత్తిడి చేయగా, అక్కడి అరబ్బు తెగవారు వారికి చిక్కనీయరాదని నిశ్చయించి, రాతిచుట్టు మంటబెట్టి, ఎఱ్ఱగా కాలిన తరువాత చల్లని నీరు పోసిరి. అది పెట్లిపోయెను. ముక్కలను కుటుంబములవారు పంచుకొని ధాన్యపు కొట్లలో శుభముకొరకు ఉంచుకొనిరని చెప్పుదురు. ఆ పిమ్మట దొరికిన ముక్కలు మొత్తము రాతిలో సుమారు మూడింట రెండు వంతులు. మిగిలిన భాగమును ఆ చిరిగిన కాగితపు అచ్చు నాధారముగా పూరించిరి. నేడది పారిసు నగరమున లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. రాయి పోయినచోట కాగితము సాక్ష్యము చెప్పెను.

ఆ శాసనమును వ్రాయించినవాడు మోయాబు రాజైన మేషా, కాలము క్రీ. పూ. 840 ప్రాంతము. ఇశ్రాయేలు రాజైన ఒమ్రీ తన దేశమును బహుకాలము అణచియుంచెననియు, అందులకు కారణము తమ దేవుడైన కెమోషు తన దేశముపై కోపించుటయే యనియు మేషా చెప్పుచున్నాడు. తరువాత కెమోషు అనుగ్రహించెను. తాను తిరుగబడి ఊళ్లను గెలిచెను. నెబో అను పట్టణమున ఏడువేల మందిని చంపెను. అచ్చటనున్న యెహోవా పాత్రలను తెచ్చి కెమోషు ఎదుట నుంచెను. ఇశ్రాయేలీయుల దేవుని నామము వారి శత్రువు చెక్కించిన రాతిమీద ఇట్లు స్పష్టముగా నున్నది. మేషా యుద్ధములను మాత్రమే కాక, పట్టణములో నీటితొట్టి లేకుండుట చూచి ప్రతి గృహస్థుడును తన యింట నొకటి త్రవ్వుకొనవలెనని ఆజ్ఞాపించిన సంగతియు, ఇశ్రాయేలు బందీలచేత త్రవ్వకములు చేయించిన సంగతియు వ్రాయించెను.

ఇక గ్రంథమేమి చెప్పుచున్నది? రాజులు రెండవ గ్రంథము మూడవ అధ్యాయమున ఇదే మేషా కనబడును. అతడు మందలు గల రాజు; ఇశ్రాయేలు రాజునకు లక్ష గొఱ్ఱెపిల్లలను, లక్ష పొట్టేళ్ల ఉన్నిని కప్పము కట్టుచుండి తిరుగబడెను. ఇశ్రాయేలు రాజు మిత్రులతో దండెత్తి అతని దేశమును పాడుచేసెను. మేషా కోటగోడపై తన జ్యేష్ఠపుత్రుని బలి యియ్యగా దండెత్తినవారు మరలిపోయిరి. రెండు సాక్ష్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అణచివేత, కప్పము, తిరుగుబాటు ఇరుపక్షములకును సమ్మతము. ఎవరికి వారు తమ గెలుపును పెంచి, ఓటమిని కుదించి చెప్పిరి. ఇంకొక విశేషము: దేశమునకు కష్టము వచ్చిన దేవుని కోపమనియు, జయము వచ్చిన దేవుని అనుగ్రహమనియు భావించుట ఇశ్రాయేలీయులకు మాత్రమే కాదు, వారి పొరుగువారికిని సామాన్యమై యుండెను.

దావీదు మహారాజు పేరు వినని క్రైస్తవుడు గాని, యూదుడు గాని, ముసల్మాను గాని ఉండడు. అయినను 1993 వరకు ఆయన పేరు నిస్సందేహముగా చెప్పు ప్రాచీన శాసన మొక్కటియు దొరకలేదు. ఆయన కల్పితుడేమో యని వ్రాసిన పండితులు కూడ కలరు. ఆ సంవత్సరమున, యొర్దాను నది పుట్టుచోటికి దగ్గరనున్న దాను దిబ్బలో అవ్రాహాము బిరాను నాయకత్వమున త్రవ్వకములు జరుగుచుండగా, గోడలో మామూలు రాయివలె కట్టివేసిన నల్లరాతి ముక్కపై అక్షరములు కనబడెను. మరుసటి సంవత్సరము మరి రెండు ముక్కలు దొరికెను. భాష అరమాయికము, కాలము క్రీ. పూ. తొమ్మిదవ శతాబ్దము. దమస్కు రాజొకడు, హజాయేలే కావచ్చునని పండితుల ఊహ, ఇశ్రాయేలు రాజును, “దావీదు ఇంటి” రాజును సంహరించితినని చెప్పుకొనెను. అచ్చట దావీదు ఇల్లు అనగా యూదా రాజవంశము. ఆ మాటను వేరువిధముగా చదువజూచినవారు కొందరు లేకపోలేదు. కాని అధిక సంఖ్యాకులు దీనిని అంగీకరించిరి.

దీనివలన తేలినదెంత? దావీదు గడచిన నూటయేబది సంవత్సరములకు లోపుగనే, ఆయన పేర నొక రాజవంశము కలదని శత్రువులే యెరుగుదురు. అంతే. ఆయన రాజ్యమెంత విశాలము, ఆయన గెలిచిన యుద్ధములెన్ని అను ప్రశ్నలకు ఈ రాయి జవాబు చెప్పదు. పైగా క్రొత్త చిక్కొకటి తెచ్చెను. ఆ యిద్దరు రాజులను యెహూ అను సేనాధిపతి చంపెనని గ్రంథము చెప్పుచుండగా, తానే చంపితినని శాసనకర్త చెప్పుకొనుచున్నట్లున్నది. ఆ యెహూ బొమ్మయే మనకు వేరొక చోట కనబడును. 1846లో లేయార్డు అను ఆంగ్లేయుడు అష్షూరు దేశపు నిమ్రూదులో త్రవ్వి తీసిన నల్లని స్తంభముపై, యెహూ, లేక అతని రాయబారి, షల్మనేసెరు రాజు ఎదుట నేలపై సాగిలపడి కప్పము చెల్లించుచున్నట్లు చెక్కబడియున్నది. ఇది క్రీ. పూ. 841 నాటి సంగతి. గ్రంథము ఆ కప్పమును గూర్చి ఒక్క మాటయు చెప్పదు. అవమానమును వ్రాసికొనుట ఎవరికిని ఇష్టము కాదు గదా!

ఇప్పుడు అన్ని పక్షముల సాక్ష్యములును దొరికిన వ్యాజ్యెము నొకదానిని మీ యెదుట నుంచెదను. అది క్రీ. పూ. 701వ సంవత్సరపు ముట్టడి. యూదా రాజైన హిజ్కియా అష్షూరునకు కప్పము మానెను. సన్హెరీబు మహాసైన్యముతో వచ్చెను.

మొదటి సాక్షి గ్రంథము. సన్హెరీబు ప్రాకారములుగల పట్టణములను పట్టుకొనెననియు, లాకీషు దగ్గర దిగెననియు, హిజ్కియా 300 మణుగుల వెండిని, 30 మణుగుల బంగారమును ఇచ్చెననియు, తరువాత యెరూషలేము ముట్టడింపబడగా ఒక రాత్రి దేవదూత అష్షూరు దండులో 1,85,000 మందిని హతము చేయుటచే సన్హెరీబు వెనుకకు మరలిపోయెననియు అది చెప్పుచున్నది.

రెండవ సాక్షి ప్రతివాది. నీనెవె శిథిలములలో 1830లో దొరికిన ఆరు ముఖముల మట్టి స్తంభముపై సన్హెరీబు తన దండయాత్రలను వ్రాయించెను. తాను యూదాలో 46 కోటలను పట్టితిననియు, 2,00,150 మందిని బయటికి తెచ్చితిననియు, హిజ్కియాను యెరూషలేములో పంజరములోని పక్షివలె బంధించితిననియు, అతడు 30 మణుగుల బంగారమును, 800 మణుగుల వెండిని పంపెననియు చెప్పుచున్నాడు. బంగారము లెక్క రెండిటను ఒకటే. వెండి లెక్క వేరు. పట్టణమును పట్టుకొంటినని మాత్రము అతడు చెప్పలేదు. పక్షిని పంజరమున నుంచుట వేరు. చేత పట్టుట వేరు. గెలిచినదానిని దాచుకొను స్వభావము సన్హెరీబునకు లేదు. కావున యెరూషలేము అతనికి చిక్కలేదని అతని మౌనమే ఒప్పుకొనుచున్నది. ఎందువలన మరలెనో ఆ మట్టి స్తంభము చెప్పదు.

మూడవ సాక్షి శిల్పము. నీనెవెలోని సన్హెరీబు రాజభవనమున ఒక గది గోడలనిండ లాకీషు ముట్టడి చెక్కబడియున్నది. లేయార్డు దానిని వెలికితీసెను. నేడది లండనులో బ్రిటిషు ప్రదర్శనశాలలో నున్నది. కోటగోడకు మట్టి రాళ్లు పోసి కట్టిన వాలుదారి, దానిపై ఎక్కుచున్న గోడలు పగులగొట్టు యంత్రములు, పైనుండి దివిటీలు విసరుచున్న లోపలివారు, బండ్లలో బిడ్డల నెక్కించుకొని చెరపోవుచున్న కుటుంబములు, సింహాసనముపై కూర్చున్న రాజు. భవనములో ఘనముగా చిత్రించిన విజయము లాకీషుది, రాజధానియైన యెరూషలేముది కాదు. ఇదియు ఆలోచింపదగినది.

నాలుగవ సాక్షి నేల. లాకీషు దిబ్బను 1932 నుండి 1938 వరకు స్టార్కీయును, 1973 నుండి ఉస్సిష్కిను అను పండితుడును త్రవ్వించిరి. శిల్పములో చూపిన రాళ్ల వాలుదారి అక్కడనే యున్నది. దానిచుట్టు వందలకొలది ఇనుప బాణపు మొనలు, కాలిన యిండ్లు. నూనె, ద్రాక్షారసము నింపు జాడీల చెవులపై “రాజుది” అను ముద్ర. హిజ్కియా సొంత ముద్ర పడిన చిన్న మట్టిబిళ్ల యొకటి యెరూషలేము త్రవ్వకములలో దొరికి 2015లో ప్రకటింపబడెను. “ఆహాజు కుమారుడును యూదా రాజునగు హిజ్కియాది” అని దానిపై నున్నది.

అయిదవ సాక్షి నాకు మిక్కిలి ప్రియమైనది. యెరూషలేమునకు నీరిచ్చు ఊట కోటగోడ వెలుపల నుండెను. ముట్టడి వచ్చిన శత్రువునకు నీరు, లోపలివారికి దప్పిక. అందుచే కొండను తొలిచి సుమారు 1750 అడుగుల పొడవున సొరంగము త్రవ్వి నీటిని లోపలి కోనేటికి మరల్చిరి. హిజ్కియా కాలువ త్రవ్వించెనని గ్రంథము చెప్పుచున్నది. 2003లో ప్రకటించిన శాస్త్రపరీక్షలును సొరంగపు కాలము క్రీ. పూ. 700 ప్రాంతమని చూపినవి. 1880లో ఒక కుఱ్ఱవాడు సిలోయము కోనేటివైపునుండి ఆ సొరంగమున ప్రవేశించి, గోడపై అక్షరములను చూచెను. ఆరు పంక్తులు. ఇరువైపులనుండి త్రవ్వుచు వచ్చిన రెండు జట్లు ఎట్లు కలిసికొనెనో అందు వ్రాసియున్నది. ఇంకను మూడు మూరలు మిగిలియుండగా ఒకరి కేక ఒకరికి వినబడెననియు, తుదకు గొడ్డలికి ఎదురుగా గొడ్డలి పడెననియు, నీరు 1200 మూరల దూరము పారెననియు, త్రవ్వువారి తలలపై రాయి 100 మూరల ఎత్తుండెననియు దాని భావము.

మీలో బావి త్రవ్వించినవారు చాలమంది యుందురు. చీకటిలో, వంకరగా, దిక్కు తెలియని రాతిలో రెండు వైపులనుండి వచ్చి కలిసికొనుట యెంత కష్టమో మీరెరుగుదురు. ఆ వ్రాతలో రాజు పేరు లేదు. దేవుని పేరు లేదు. పొగడ్త లేదు. పనివారు ఒకరికొకరు కేకలు వేసికొనుట మాత్రమే యున్నది. రాజులు చెక్కించిన రాళ్లనడుమ పనివారి సంతోషము చెప్పు రాయి ఇట్టిది అరుదు. 1890 ప్రాంతమున దొంగలు దానిని గోడనుండి తొలిచి తీయగా అది పగిలెను. ముక్కలు తిరిగి దొరికి ఇస్తాంబులు ప్రదర్శనశాలకు చేరెను.

యూదా రాజ్యపు తుది దినములను గూర్చియు ఒక సాక్ష్యము కలదు. 1935లో స్టార్కీ లాకీషు కోటద్వారమున కాలిన మట్టిలో సిరాతో వ్రాసిన 18 కుండపెంకులను కనుగొనెను. కాగితము లేని కాలమున పెంకులే ఉత్తరములు. అవి క్రీ. పూ. 587 ప్రాంతమున బబులోను సేన ముంచుకొని వచ్చుచుండగా చిన్న అధికారులు తమ పై అధికారికి వ్రాసినవి. ఒకదానిలో, మేము లాకీషు మంటగుర్తులకొరకు చూచుచున్నాము, అజేకా గుర్తు మాకు కనబడుటలేదు అని యున్నది. యిర్మీయా ప్రవక్త గ్రంథములో ఆ దినములలో మిగిలిన కోటలు లాకీషు, అజేకాలు మాత్రమే యని కలదు. ఇంకొక పెంకుమీద, నీకు ఉత్తరము చదువుట రాదా యని పై అధికారి మందలించినందుకు ఆ సేవకుడు నొచ్చుకొని, నా కెవరును ఉత్తరము చదివి వినిపింపవలసిన పని యెన్నడును లేదని జవాబు వ్రాసెను. దేశము కూలిపోవు సమయమునను మనుష్యునకు తన చదువు మాట పట్టింపే. ఇది చదివినప్పుడు రెండువేల అయిదువందల యేండ్ల దూరము నాకు కనబడకపోయెను.

ఇక మతవిషయమునకు వత్తము. 1975లోను, 1976లోను సీనాయి ఎడారియందు కుంటిల్లెత్ అజ్రూదు అను పాడుపడిన మజిలీలో క్రీ. పూ. 800 ప్రాంతపు జాడీలు దొరికెను. వానిపై యెహోవా పేరను, “అతని అషేరా” పేరను దీవెనలు వ్రాసియున్నవి. అషేరా అనునది ఒక దేవత పేరు. ఆమె గుర్తుగా నిలిపిన కొయ్య స్తంభమునకును అదే పేరు. ఇక్కడ ఏ యర్థమో పండితులలో వాదము కలదు. ఏక దేవుని ఆరాధన మొదటినుండియు అందరియందును నెలకొనియున్నదను భావనకు ఇది యడ్డము వచ్చును. కాని గ్రంథమును సరిగా చదివినవారికి ఆశ్చర్యము లేదు. జనులు అషేరాను కొలుచుచున్నారని ప్రవక్తలు పదేపదే మందలించిరి గదా! లేని తప్పును ఎవరును అంతగా మందలింపరు. ఐగుప్తు దక్షిణపు సరిహద్దున ఎలిఫాంటీను అను లంకలో యూదు సిపాయిలు తమ దేవునికి వేరుగా ఆలయము కట్టుకొనిరనియు, క్రీ. పూ. 410లో అది ధ్వంసము కాగా మూడేండ్లకు యూదా అధిపతికి విన్నపము వ్రాసికొనిరనియు అక్కడి కాగితములు చెప్పుచున్నవి. యెరూషలేమునందు దప్ప బలులు కూడదను నియమము అంతటను అమలులో లేదని దీనివలన తెలియుచున్నది.

గ్రంథమునకు బలము చేకూర్చు సాక్ష్యములును కలవు. 1979లో గాబ్రియేలు బర్కాయి అను పండితుడు యెరూషలేము నైరృతిదిక్కున ఒక సమాధిలో రెండు చిన్న వెండిరేకు చుట్టలను కనుగొనెను. మన తాయెత్తులవలె మెడలో కట్టుకొన్నవి. వానిని పగులకుండ విప్పుటకు మూడేండ్లు పట్టెను. వెంట్రుకవంటి గీతలతో సంఖ్యాకాండములోని యాజకుల దీవెన వానిపై కనబడెను. కాలము క్రీ. పూ. 600 ప్రాంతము. బైబిలు వాక్యములు గల వ్రాతలలో ఇంతకంటె పాతవి ఇంతవరకు దొరకలేదు. 1947 ప్రాంతమున మృతసముద్రపు ఒడ్డున గొఱ్ఱెలకాపరు లొక గుహలో జాడీలలో నున్న తోలుచుట్టలను చూచిరి. తరువాత మొత్తము 11 గుహలలో సుమారు 900 గ్రంథముల భాగములు దొరికెను. అందు యెషయా గ్రంథపు చుట్ట 24 అడుగుల పొడవున సమగ్రముగా నున్నది. అంతవరకు పండితులయొద్ద నున్న పూర్ణమైన హీబ్రూ ప్రతులకంటె అది వేయి సంవత్సరములు పాతది. రెండిటిని పోల్చగా భేదములు చాలవరకు అక్షరదోషములు, మాటల చిన్న మార్పులు. యిర్మీయా మొదలగు కొన్ని గ్రంథములకు మాత్రము పొడవును క్రమమును భేదించు పాఠములు కూడ ఉండెనని ఆ గుహలే చూపెను. తాళపత్రములను తరతరములుగా ఎత్తి వ్రాసినవారి ఓపిక మన మెరిగినదే. వారి ఓపికయు ఇట్టిదే.

సాక్షులలో దొంగసాక్షులుందురని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. మోయాబు రాయి ప్రసిద్ధమైన వెంటనే మోయాబు కుండలు, బొమ్మలు అని సుమారు 1700 వస్తువులు జర్మనీ ప్రభుత్వమునకు అమ్ముడుపోయెను. అవి కపటవస్తువులని క్లెర్మొన్-గన్నో నిరూపించెను. 1988లో ఒక ప్రదర్శనశాల 5,50,000 డాలర్లు వెచ్చించి దంతపు దానిమ్మకాయ నొకదానిని కొనెను. సొలొమోను దేవాలయమునకు సంబంధించిన వస్తువని దానిపై వ్రాత. 2004లో నిపుణుల సంఘము దంతము పాతదే కాని వ్రాత నూతనమని తేల్చెను. కావున ఏ వస్తువైనను ఎవరి చేతికి, ఏ పొరలో, ఎవరు చూచుచుండగా దొరికెనో మొదట అడుగవలెను. సరిహద్దురాతి మొదటి మన్నును పెద్దలు ఊరక తడవి చూడలేదు.

రాళ్లు చెప్పనివి కూడ నిష్కపటముగా ఒప్పుకొనవలెను. అబ్రాహామును గాని, మోషేను గాని పేర్కొను సమకాలిక శాసన మింతవరకు దొరకలేదు. ఐగుప్తునుండి ఇశ్రాయేలీయులు వెడలివచ్చిన కథకును అట్టి శాసనము లేదు. దొరకలేదు గనుక జరుగలేదని త్రోసివేయుటయు, ఒక రాజు పేరు దొరికినది గనుక సమస్తమును రుజువైనదని కేకలు వేయుటయు రెండును తొందరపాటు తీర్పులే. ఒక రాయి ఏ మాటకు సాక్ష్యమో ఆ మాటకే సాక్ష్యము.

ముగింపుగా ఒక్క మనవి. మా గ్రామమున చెఱువుగట్టుమీద అక్షరములుగల రాయి యొకటి యుండెడిది. చిన్ననాట మేము దానిమీద కత్తులు నూరెడివారము. నేను చదువుకొని తిరిగి వచ్చి చూచునప్పటికి ఆ రాయి తూము మరమ్మతులో రెండు ముక్కలై గోడలో కలిసిపోయెను. దానిమీద నేమి యుండెనో చెప్పగలవారు లేరు. దాని యచ్చు నెవరును తీయలేదు. మోయాబు రాయి మంటలో పగిలినను చిరిగిన కాగితమొకటి మిగిలెను. మా రాతికి ఆ పాటి భాగ్యము కూడ లేదు. మీ ఊరి గుడిలోనో, చెఱువుకట్టమీదనో, పొలము గట్టునో అట్టి రాయి యున్నచో దానిని కదలింపకుడు, సున్నము పూయకుడు. శాసనశాఖవారికి ఒక ఉత్తరము ముక్క వ్రాయుడు. అది మీ తాతల మాటకు సాక్ష్యము కావచ్చును. ప్రతివాది మాటకు కావచ్చును. ఏదైనను వినవలసినదే గదా.

సెలవు.